అమ్మకి ఈఈజీ (మెదడు తరంగాలు) చూస్తూ ఇచ్చే బ్రెయిన్ స్టిమ్యులేషన్ చెప్పారు, తెలిసినవాళ్లు కాస్త చెప్పండి

సైనిక్‌పురి_కూతురు | సోమవారం, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. చాలా కాలంగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి.

మా అమ్మకి 58 ఏళ్లు. నాన్న పోయి ఏడాది దాటింది. మొదట్లో దుఃఖమే అనుకున్నాం. తర్వాత వంట మానేసింది, పూజ మానేసింది, తెల్లవారుజామున మూడింటికి లేచి గోడకి ఆనుకుని కూర్చునేది. డాక్టర్ గారు డిప్రెషన్ అన్నారు. మొదట ఇచ్చిన మందుకి సోడియం పడిపోయి రెండు రోజులు అడ్మిట్ చేయాల్సి వచ్చింది. రెండోది ఒంటికి పడింది కానీ సగమే పనిచేసింది. నిద్రపోతోంది, తింటోంది, మనిషి మాత్రం మాకింకా దొరకలేదు.

ఇప్పుడు టీడీసీఎస్ అంటున్నారు, తల మీద ప్యాడ్లు పెట్టి సన్నటి కరెంటు ఇవ్వడమట. 20 సిట్టింగులు, నాలుగు వారాలు. వాళ్లిచ్చిన కాగితంలో "మీ మెదడు తరంగాలను రియల్ టైంలో గమనిస్తూ కరెంటును సర్దే సురక్షిత చికిత్స" అని ఉంది. అమ్మ ఆ కాగితం మడిచి దిండు కింద పెట్టుకుంది. మా మేనమామ చూసి "ఇది షాక్ ట్రీట్‌మెంటే, పేరు మార్చారు, ఎర్రగడ్డకి తీసుకెళ్లినట్టే" అన్నాడు. అప్పటి నుంచి అమ్మ ఒకటే అడుగుతోంది: "నన్ను కట్టేస్తారా?"

ఇది షాకేనా? తరంగాలు చూస్తూ ఇస్తామంటే నిజంగా ఏం చేస్తారు? గురువారం మళ్లీ వెళ్లాలి. అక్కడ ఏం అడగాలో కూడా నాకు తెలియడం లేదు.

నాచారం_నరేష్ | సోమవారం, రాత్రి 11:05

అక్కా, మా పెద్దమ్మకి 1980ల్లో షాక్ పెట్టారు. మత్తు లేదు. నలుగురు పట్టుకున్నారని నాన్న చెప్పేవాడు. ఆమె చనిపోయేవరకు ఆసుపత్రి వాసన వస్తే వణికేది. పేరు ఏదైనా తలకి కరెంటంటే నేను వద్దనే చెప్తాను. ఏమీ అనుకోకండి.

రాత్రి_డ్యూటీ | మంగళవారం, ఉదయం 5:50

నేను సైకియాట్రీ పీజీ చేస్తున్నాను. డ్యూటీ దిగగానే రాస్తున్నాను, ఈ భయం రోజూ వార్డులో చూస్తాను కాబట్టి.

నరేష్ గారూ, మీ పెద్దమ్మగారికి జరిగింది జరగకూడనిది. మత్తూ, కండరాలు సడలించే మందూ లేకుండా ఈసీటీ, అంటే షాక్ ట్రీట్‌మెంట్, ఇవ్వడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. ఈ రోజుల్లో సరిగ్గా ఇచ్చే ఈసీటీ ప్రాణాలు నిలబెట్టే చికిత్స. తిండీ నీళ్లూ మానేసి పడుకున్న మనిషి లేచి కూర్చోవడం నా కళ్లతో చూశాను.

సైనిక్‌పురి గారూ, అమ్మగారికి చెప్పింది మాత్రం అది కాదు. ఈసీటీలో దాదాపు 800 మిల్లీఆంపియర్ల పల్సులు కొన్ని సెకన్ల పాటు ఇచ్చి, మత్తులో ఉన్న మనిషికి కావాలనే ఫిట్స్ తెప్పిస్తారు. టీడీసీఎస్‌లో ఇచ్చేది 2 మిల్లీఆంపియర్లు. 400 రెట్లు తక్కువ. మెలకువగా కుర్చీలో కూర్చుని ఉంటారు, ఫిట్స్ రావు, ఎవరూ కట్టేయరు. 20 నుంచి 30 నిమిషాలు అయ్యాక లేచి బస్సెక్కి ఇంటికి వెళ్లిపోవచ్చు. అమ్మగారు మోకాళ్లకి ఎప్పుడైనా ఫిజియోథెరపీలో కరెంటు పెట్టించుకున్నారా? పెట్టించుకుని ఉంటే ఆ కరెంటే దీనికన్నా చాలా ఎక్కువ అని చెప్పండి.

సేఫ్టీ గురించి: 2016లో వచ్చిన ఒక పెద్ద సమీక్ష 33,000కి పైగా సిట్టింగులను లెక్కలోకి తీసుకుంది. 4 మిల్లీఆంపియర్లకి, 40 నిమిషాలకి మించకుండా ఇచ్చినంతవరకు ఒక్క తీవ్రమైన ప్రమాదం కూడా నమోదు కాలేదు. చర్మం ఎర్రబడటం, దురద, కొంచెం తలనొప్పి మామూలే.

ఫలితం గురించి ఇంత ధీమాగా చెప్పలేను. బ్రెజిల్‌లో 245 మందితో చేసి 2017లో ప్రచురించిన ట్రయల్‌లో ఇది ఉత్తుత్తి చికిత్స (ఇచ్చినట్టు నటించడం) కన్నా మెరుగ్గానే ఉంది కానీ, ఎస్సిటాలోప్రామ్ అనే డిప్రెషన్ మాత్రకి సాటి అని తేలలేదు. 2023లో జర్మనీ వాళ్లు 160 మందిలో డిప్రెషన్ మాత్రలకి తోడుగా దీన్ని ఇచ్చి చూస్తే, ఉత్తుత్తిదానికీ దీనికీ తేడా కనపడలేదు. 2024లో బ్రిటన్, అమెరికాల్లో 174 మంది ఇంట్లోనే పది వారాలు వాడిన ట్రయల్‌లో అసలు స్టిమ్యులేషన్ అందినవాళ్లలో 44.9 శాతం మంది దాదాపు పూర్తిగా కోలుకున్నారు, ఉత్తుత్తిది అందినవాళ్లలో 21.8 శాతం. కొందరికి పనిచేస్తుంది, కొందరికి చేయదు. "గ్యారంటీ" అన్నవాళ్ల దగ్గర నుంచి లేచి వచ్చేయండి.

అమ్మగారికి గానీ దగ్గరి బంధువులకి గానీ బైపోలార్ (మూడ్ అతిగా పైకీ కిందకీ మారే జబ్బు) ఉంటే డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. ఆ బ్రెజిల్ ట్రయల్‌లో ఇద్దరికి కొత్తగా మేనియా, అంటే హద్దు దాటిన ఉత్సాహం, వచ్చింది. తలలో లోహపు క్లిప్పులు, పుర్రె ఆపరేషన్, పేస్‌మేకర్, ఫిట్స్ ఉన్నా ముందే చెప్పాలి. ఇప్పుడు వాడుతున్న మందు మాత్రం సొంతంగా ఆపొద్దు.

మైక్రోవోల్ట్ | మంగళవారం, మధ్యాహ్నం 1:20

సైనిక్‌పురి గారూ, మీ రెండో ప్రశ్న నా పని. ఈఈజీ యాంప్లిఫయర్లు తయారుచేసే చిన్న కంపెనీలో పదకొండేళ్లుగా ఉన్నాను, గచ్చిబౌలి వైపు. "రియల్ టైంలో గమనిస్తూ" అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే ఆ మాట కింద వేర్వేరు పనులు దాక్కుని ఉంటాయి.

మొదటిది మెదడుని గమనించడం కానే కాదు, చర్మాన్ని గమనించడం. ప్యాడ్‌కీ చర్మానికీ మధ్య అడ్డు ఎంత ఉందో, అంటే ఇంపీడెన్స్, మిషన్ క్షణక్షణం కొలుస్తూ ఉంటుంది. స్పాంజి ఆరిపోయినా, జారినా అడ్డు పెరుగుతుంది. మంచి మిషన్ అప్పుడు కరెంటుని మెల్లగా దించి ఆపేస్తుంది. పెంచేటప్పుడు కూడా ఒక్కసారిగా కాదు, అర నిమిషం పాటు పాకించినట్టు పెంచుతుంది. కాలిన గాయాలు కాకుండా కాపాడేది ఇదే. నా దృష్టిలో ఈ చికిత్సలో అన్నిటికన్నా విలువైన కాపలా ఇది, కానీ ఏ కరపత్రంలోనూ దీని గురించి రాయరు.

రెండోది సిట్టింగుకి ముందూ తర్వాతా ఈఈజీ తీసి పోల్చడం. మంచిదే. అయితే ఆ రోజు కరెంటు ఎంత ఇవ్వాలో అది నిర్ణయించదు.

మూడోది అసలైన క్లోజ్డ్ లూప్. మెదడు ఈ క్షణంలో ఏం చేస్తోందో విని, దాన్ని బట్టి ఎప్పుడు ఇవ్వాలో, ఎంత ఇవ్వాలో, ఎప్పుడు ఆపాలో మిషనే నిర్ణయించుకోవడం. మీ కాగితంలో రాసింది ఇదే. ఇది ఎందుకు కష్టమో చెప్తాను.

మెదడు తరంగం తల మీద 50 మైక్రోవోల్టులు ఉంటుందనుకోండి. 2 మిల్లీఆంపియర్ల కరెంటు 5 కిలో ఓముల అడ్డులోంచి పోవాలంటే స్టిమ్యులేషన్ ప్యాడ్ల మధ్య 10 వోల్టులు కావాలి. రెండు లక్షల రెట్లు. నిమజ్జనం రోజు ట్యాంక్‌బండ్ మీద డీజే బండి పక్కన నిలబడి, ఎదురుగా ఉన్న మనిషి గొణుగుడు వినాలంటే ఎలా ఉంటుందో అలా. అందుకే చాలా ల్యాబులు కాసేపు ఇస్తాయి, ఆపుతాయి, వింటాయి, మళ్లీ ఇస్తాయి. ఇస్తూనే వినడానికి ప్రత్యేకమైన యాంప్లిఫయర్లు, గణితం కావాలి. అలా విన్నా, మిగిలింది మెదడు మాటో మన కరెంటు ప్రతిధ్వనో తేల్చడానికి నెలలు పడుతుంది. మా దగ్గర ఒక సిగ్నల్ చూసి వారం పాటు సంతోషపడ్డాం. చివరికి అది ప్యాడ్ కింద ఆరిపోతున్న ఉప్పునీరు.

ఇక టైమింగ్. ఆల్ఫా అనే మెదడు తరంగం సెకనుకి దాదాపు పదిసార్లు వస్తుంది, అంటే ఒక్కొక్కటి 100 మిల్లీసెకన్లు. శిఖరం నుంచి లోయకి 50. మీ మిషన్ 50 మిల్లీసెకన్లు ఆలస్యమైతే శిఖరం అనుకుని లోయలో కొడుతుంది. కోలాటంలో కర్ర అర తాళం ఆలస్యంగా వేస్తే ఎదుటివాళ్ల వేళ్ల మీద పడుతుంది కదా, అదే.

సరిగ్గా పడితే ఎంత తేడానో జర్మనీలోని ట్యూబింగెన్ బృందం 2018లో చూపించింది. అది విద్యుత్తు కాదు, అయస్కాంత పల్సులు. ఈఈజీని అప్పటికప్పుడు చదువుతూ ఒక తరంగం లోయలో ఉన్నప్పుడే పల్సు ఇస్తే చేతిని నడిపే మెదడు భాగం స్పందన బలపడింది. అవే పల్సులు శిఖరం మీద ఇస్తే బలపడలేదు. విద్యుత్తుతో కూడా 2016లో అమెరికాలోని చాపెల్ హిల్‌లో చేశారు: నిద్రలో మెదడు స్పిండిల్ అనే చిన్న తరంగ గుత్తిని పుట్టించగానే దాన్ని గుర్తుపట్టి కరెంటు ఇస్తే, ముందు రోజు నేర్చుకున్న వేళ్ల కదలికలు మర్నాటికి బాగా నిలిచాయి.

కాబట్టి ఆలోచన నిజం, ల్యాబులో పనిచేస్తోంది. మన వీధిలోని క్లినిక్‌కి వచ్చిందా అన్నదే ప్రశ్న. గురువారం వెళ్లినప్పుడు ఇలా అడగండి: "తెర మీద అమ్మ తరంగాలు మారితే మిషన్ ఏం మారుస్తుంది? ఎప్పుడు దానంతట అది ఆగుతుంది?" ఇస్తున్నదాని గురించి అందరూ చెప్తారు. ఆగేదాని గురించి చెప్పగలిగినవాళ్లకే మిషన్ తెలుసు.

లెక్కల_మనిషి | మంగళవారం, సాయంత్రం 4:02

శవాల మీద చేసి 2018లో ప్రచురించిన పరిశోధన ఒకటి ఉంది కదండీ, తల మీద ఇచ్చిన కరెంటులో 75 శాతం వరకు చర్మం, పుర్రె మీదుగానే పక్కకి పోతుందని. లోపలికి చేరేదే అంత తక్కువైతే ఇదంతా నమ్మకంతో వచ్చే ఉపశమనమే కావచ్చు కదా?

మైక్రోవోల్ట్ | మంగళవారం, సాయంత్రం 6:37

న్యాయమైన ప్రశ్న. 2 మిల్లీఆంపియర్లకి మెదడులో ఏర్పడే విద్యుత్ క్షేత్రం మీటరుకి ఒక వోల్టు కన్నా తక్కువే, ఆపరేషన్ కోసం మెదడులో ఎలక్ట్రోడ్లు ఉన్న పేషెంట్లలో నేరుగా కొలిచారు. అది నిద్రపోతున్న న్యూరాన్‌ని, అంటే మెదడు కణాన్ని, లేపి సంకేతం పంపించేంత బలమైనది కాదు. ఇప్పటికే సంకేతం పంపబోతున్నదాన్ని కొంచెం అటో ఇటో మొగ్గేలా చేస్తుంది. 2000లో జర్మనీలోని గోటింగెన్‌లో నిట్షె, పౌలస్ చూపించింది ఇదే: 1 మిల్లీఆంపియర్ కరెంటు కొన్ని నిమిషాలు ఇస్తే చేతి కండరాల స్పందన 40 శాతం వరకు మారింది, కరెంటు ఆపాక కూడా కొన్ని నిమిషాలు నిలిచింది. ఇంత చిన్న శక్తి కాబట్టే ఎప్పుడు పడుతుందన్నది అంత ముఖ్యం. మనిషి మనిషికీ పుర్రె మందం వేరు, ఆ క్షణంలో మెదడు స్థితి వేరు, అందరికీ ఒకే 2 మిల్లీఆంపియర్లు. పై ట్రయల్స్‌లో ఫలితాలు ఒకదానికొకటి పొసగకపోవడానికి ఇదీ ఒక కారణమని నేను గట్టిగా నమ్ముతున్నాను. నమ్మకం అంటున్నాను, రుజువు అనడం లేదు.

కోఠీ_రిపేర్ | మంగళవారం, రాత్రి 9:15

ఇది చదివే కుర్రాళ్ల కోసం రాస్తున్నాను. బీటెక్ మూడో ఏడాదిలో వీడియోలు చూసి, కోఠీలో ఒక షాపులో 9 వోల్ట్ బ్యాటరీ, రెండు రెసిస్టర్లు, వైర్లు కొని నేనే తయారుచేసుకున్నాను. పరీక్షల టైం, ఏకాగ్రత పెరుగుతుందని. నల్లా నీళ్లలో తడిపిన స్పాంజి నుదుటి మీద పెట్టాను. పది నిమిషాలకి మంట మొదలైంది. మంటంటే పనిచేస్తోందనుకున్నాను. వైరు ఊడిపోయినప్పుడు కళ్ల ముందు తెల్లగా మెరిసింది, భయపడి విసిరేశాను. కుడి కనుబొమ్మ పైన రూపాయి బిళ్లంత కాలింది. నాలుగేళ్లయింది, మచ్చ ఉంది. అమ్మకి గ్యాస్ స్టవ్ దగ్గర కాలిందని అబద్ధం చెప్పాను, ఆ మాట ఇప్పటికీ బాధిస్తుంది.

పైన మైక్రోవోల్ట్ సార్ చెప్పిన కాపలా నా డబ్బాలో లేదు. చర్మం మారుతున్నకొద్దీ కరెంటు మారిపోతుంది, నాకు చెప్పేవాళ్లు లేరు.

కూకట్‌పల్లి_తండ్రి | బుధవారం, ఉదయం 8:30

మా బాబు ఇంటర్ సెకండియర్, ఎప్‌సెట్ (పాత ఎంసెట్) రాయాలి. లెక్కల్లో వెనకబడ్డాడు. డాక్టర్ల దగ్గరే, సేఫ్‌గా చేయిస్తే మెమరీకి పనికొస్తుందా? ఆన్‌లైన్‌లో హెడ్‌సెట్లు కూడా ఉన్నాయి.

రాత్రి_డ్యూటీ | బుధవారం, మధ్యాహ్నం 2:11

సార్, దయచేసి వద్దు. 17 ఏళ్ల మెదడు ఇంకా అల్లుకుంటోంది. దాని మీద నెలల తరబడి ఇస్తే ఏమవుతుందో పెద్దవాళ్ల ట్రయల్స్ చెప్పవు. ఇంకోటి, 2013లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు కొత్త అంకెల గుర్తులు నేర్పుతూ ఇది ఇచ్చారు. మెదడులో ఒక చోట ఇస్తే నేర్చుకోవడం వేగం పెరిగింది, కానీ నేర్చుకున్నది అలవోకగా వాడటం దెబ్బతింది. ఇంకో చోట ఇస్తే సరిగ్గా తిరగబడింది. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకుంది. మందుల షాపు నుంచి తలనొప్పి మాత్ర తెచ్చినంత తేలికగా తీసుకోవాల్సింది కాదు. 2016లో 39 మంది పరిశోధకులు సొంతంగా వాడేవాళ్లకి బహిరంగ లేఖ రాసింది ఇందుకే. బాబు నిద్ర ఎన్ని గంటలో ముందు చూడండి. టెన్షన్ ఎక్కువగా ఉంటే టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు.

కూకట్‌పల్లి_తండ్రి | బుధవారం, మధ్యాహ్నం 2:40

ఐదు గంటలే పడుకుంటున్నాడు సార్. అర్థమైంది. థాంక్స్.

తడి_స్పాంజి | బుధవారం, రాత్రి 8:48

సైనిక్‌పురి మేడం, నేను పద్నాలుగేళ్లుగా ఈఈజీ టెక్నీషియన్‌ని, మూడేళ్లుగా టీడీసీఎస్ కూడా పెడుతున్నాను. డాక్టర్లు చెప్పనివి చెప్తాను.

ముందు రోజు తలస్నానం, షాంపూతో. కొబ్బరి నూనె చుక్క కూడా వద్దు. మన అమ్మలతో అసలు సమస్య ఇదే. నూనె ఉంటే ఇంపీడెన్స్ దిగదు, నేను అరగంట దూదితో తుడుస్తూ కూర్చోవాలి. జడ గట్టిగా వేయొద్దు, పిన్నులు తీసేయండి. ప్యాడ్ కింద వెంట్రుకలు పాయలు తీసి చర్మం కనపడేలా చేయాలి.

స్థానం టేపుతో కొలుస్తున్నారా చూడండి. ముక్కు మొదలు నుంచి తల వెనక ఎముక గుబ్బ వరకు, ఈ చెవి ముందు నుంచి ఆ చెవి ముందుకి. ఆ పొడవులో 10 శాతం, 20 శాతం లెక్కన స్థానాలు వస్తాయి. డిప్రెషన్‌కి ఎడమ నుదుటి పైభాగంలో ఎఫ్3 అనే చోట ఒక ప్యాడ్ పెడతారు. కంటి అంచనాతో పెట్టేవాళ్లని వద్దనండి.

స్పాంజి సెలైన్‌లో తడపాలి, నల్లా నీళ్లలో కాదు. తడి ఉండాలి, కారకూడదు. కారి రెండు ప్యాడ్లూ తడితో కలిసిపోతే కరెంటు చర్మం మీదుగానే పోతుంది. మొదట చీమలు పాకినట్టు ఉంటుంది, మామూలే. సూదిలా ఒకే చోట మండితే వెంటనే చెప్పాలి. అమ్మలు చెప్పరు, "పాపం అమ్మాయికి ఇబ్బంది" అని ఓర్చుకుంటారు. ఓర్చుకోవద్దని ముందే గట్టిగా చెప్పండి.

ఈఈజీ తీసేటప్పుడు వక్కపొడి నోట్లో ఉండొద్దు, దవడ కదిలితే తెర మీద అదే కనపడుతుంది, మెదడు కాదు.

మల్కాజిగిరి_శీను | గురువారం, ఉదయం 7:25

మా నాన్నకి పార్కిన్సన్స్, కుడి చేతికి వణుకు. ఇలాంటివి దానికి ఉన్నాయా?

మైక్రోవోల్ట్ | గురువారం, ఉదయం 9:10

2013లో ఆక్స్‌ఫర్డ్‌లో చేశారు. చేతి వణుకుని కొలుస్తూ, దాని లయకి ఎదురుగా పడేలా తల మీద కరెంటు ఇస్తే వణుకు దాదాపు సగం తగ్గింది. కొద్దిమందిలో చేసిన ప్రయోగం, ఇంటికి వచ్చిన చికిత్స కాదు. మెదడులో ఎలక్ట్రోడు పెట్టే ఆపరేషన్‌లో మాత్రం ఇది చాలా ముందుకెళ్లింది. ఫిట్స్ కోసం విని స్పందించే ఇంప్లాంట్‌కి అమెరికాలో 2013లోనే అనుమతి వచ్చింది, పార్కిన్సన్స్‌కి మెదడు సంకేతాన్ని బట్టి తనంతట తాను సర్దుకునే డీబీఎస్‌కి (మెదడు లోపల ఎలక్ట్రోడు పెట్టి కరెంటు ఇవ్వడం) 2025లో వచ్చింది. పుర్రె లోపల నుంచి వింటే గొణుగుడు స్పష్టంగా ఉంటుంది, అందుకే వాళ్లు ముందున్నారు. నాన్నగారి న్యూరాలజిస్టుని డీబీఎస్ గురించి అడగండి.

సైనిక్‌పురి_కూతురు | గురువారం, రాత్రి 9:55

వెళ్లొచ్చాం. మేనమామ కూడా వచ్చాడు, పట్టుబట్టి.

మీరు చెప్పినట్టే అడిగాను. కౌంటర్‌లోని అమ్మాయి కాగితంలో ఉన్నదే చదివింది. డాక్టర్ గారు మాత్రం కుర్చీ ముందుకి జరుపుకుని కూర్చుని నిజం చెప్పారు. ఈఈజీ మొదటి రోజు, పదో రోజు, చివరి రోజు తీస్తారు. కరెంటు రోజూ 2 మిల్లీఆంపియర్లే, తరంగాలను బట్టి మారదు. మిషన్ తనంతట తాను ఆగేది ఇంపీడెన్స్ పెరిగినప్పుడే. "కాగితంలో రాసింది ఎక్కువ, మార్పిస్తాను" అన్నారు. కోపం వచ్చింది, ఆ కాగితం వల్లే అమ్మ మూడు రాత్రులు నిద్రపోలేదు. కానీ అలా ఒప్పుకున్న మనిషి చేతిలో అమ్మని పెట్టగలననిపించింది. బైపోలార్ గురించి, పాత ఆపరేషన్ల గురించి నేను చెప్పకముందే అడిగారు.

అమ్మ ఒక్కటే అడిగింది: "మధ్యలో వద్దంటే ఆపుతారా?" ఆయన మిషన్ మీది బటన్ చూపించి, అమ్మ వేలితోనే నొక్కించారు.

సోమవారం నుంచి మొదలు.

నాచారం_నరేష్ | గురువారం, రాత్రి 10:20

బటన్ నొక్కించారా! మా పెద్దమ్మకి అలాంటిది ఒక్కటి ఉండి ఉంటే. అక్కా, అమ్మ ఎలా ఉన్నారో రాస్తూ ఉండండి.

సైనిక్‌పురి_కూతురు | రెండు వారాల తర్వాత, శనివారం, సాయంత్రం 6:30

పది సిట్టింగులు అయ్యాయి. మొదటి రోజు ప్యాడ్ కింద దురద, రెండు రోజులు తలనొప్పి, అంతే. నాలుగో రోజు మిషన్ మధ్యలో దానంతట అదే ఆగింది, ఏసీ గాలికి స్పాంజి ఆరిపోయిందట. టెక్నీషియన్ మళ్లీ తడిపి పెట్టింది. మేనమామ లేచి నిలబడ్డాడు, తర్వాత కూర్చున్నాడు.

నిన్న ఈఈజీ తీసేటప్పుడు తెర అమ్మ వైపు తిప్పమని అడిగాను. కళ్లు తెరిచి ఉంటే గీతలు సన్నగా, గజిబిజిగా ఉన్నాయి. "కళ్లు మూసుకోండమ్మా" అనగానే తల వెనక వైపు గీతలు పెద్దవై, నది మీద అలల్లా వరసగా వచ్చాయి. కళ్లు మూసుకున్న అమ్మకి అది కనపడదు కదా. అందుకని రికార్డింగ్ వెనక్కి తిప్పి చూపించారు. అమ్మ చాలాసేపు చూసింది. "ఇది నాదేనా?" అంది. తర్వాత "ఇంకోసారి చూపించమ్మా" అంది. నాన్న పోయాక అమ్మ ఏదైనా ఇంకోసారి కావాలని అడగడం ఇదే మొదటిసారి.

డిప్రెషన్ స్కోరు 22 నుంచి 17కి వచ్చింది. మందు వల్లో, కరెంటు వల్లో, రోజూ మా మేనమామతో ఆటోలో వెళ్లి రావడం వల్లో తెలియదని డాక్టర్ గారే అన్నారు. మూడింటికి ఇంకా లేస్తోంది, కానీ ఈ వారం రెండుసార్లు మళ్లీ పడుకుంది.

ఈ రెండు రోజులు సిట్టింగు లేదు. తల ఎండిపోయిందని ఇందాక నన్ను పిలిచి నూనె రాయమంది. రేపు సాయంత్రం షాంపూతో కడిగేస్తాం, తడి_స్పాంజి గారూ, చుక్క కూడా ఉండదు. సోమవారం పదిన్నరకి పదకొండోది. వచ్చాక రాస్తాను.